బొమ్మ వచ్చిందా, అవ్వా?

మా కిందింటి అవ్వ పోయిన కబురు నాకు బాగేపల్లిలో అందింది. అన్న కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేస్తుంటే పుట్టింటికి వెళ్ళాను. పాలు పొంగించడం అయిపోయి, వచ్చినవాళ్ళకు టిఫిన్లు వడ్డిస్తూ ఉండగా మేముండే చింతామణి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అవ్వ పోయింది. కాఫీ తాగి లోటా కింద పెట్టిందంట. కోడలు ఆ లోటా తీసుకోను వచ్చేలోపలే అయిపోయింది. నువ్వు బిన్నా రా, ఆలస్యం చేయొద్దు" అన్నారు.

పండుగలా ఉన్న ఇంట్లో ఆ మాట పైకి ఎలా అనగలను? అమ్మను పక్కకు పిలిచి చెవిలో చెప్పాను.

"ఎవురు, మీ టీవీ అవ్వనా?" అంది అమ్మ. అమ్మ ఆమెను చూసింది తక్కువ. అయినా అమ్మ నోటికి ఆ పేరే వచ్చింది.

చేలూరు మీదుగా వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు తెలియకుండానే, దారిలో కనిపించినవన్నీ మనసులో మాటలుగా చెప్పుకుంటూ వచ్చాను. పీకిన వేరుశనగ చెట్లు కుప్పలు వేసిన చేను. రోడ్డు పక్కన ఆగిపోయిన బోరు లారీ, దాని నీడలో నిద్రపోతున్న మనుషులు. అది అవ్వ నాకు నేర్పిన అలవాటు. ఎలా నేర్పిందో మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

చింతామణిలో మేం నడిపే చిన్న చానల్‌ను మీలో కొందరు చూసే ఉంటారు. దాన్ని నేనూ మా ఆయనా మొదలుపెట్టామని ఊళ్ళో అనుకుంటారు. ఆయన అంతకుముందు పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవారు. నేను డిగ్రీ చదివి, పెళ్ళయి, ఇంట్లో ఉండేదాన్ని. పెద్ద చానళ్ళు బెంగళూరు మాటా, హైదరాబాదు మాటా చెబుతాయి, మన ఊరి మాట చెప్పేది ఒకటి ఉండాలని ఆయనకు పట్టింది. మేం అద్దెకున్న మిద్దె మీదే ఒక గదిలో గోడకు నీలం గుడ్డ కట్టి, లైట్లు పెట్టి, నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టారు. గదిలోంచి ఒక తీగ బస్టాండు దగ్గరి కేబుల్ ఆఫీసుకు పోయేది. అక్కడి నుంచి ఊళ్ళో ఇళ్ళకు, చుట్టుపక్కల కొన్ని పల్లెలకు మా చానల్ వెళ్ళాలి.

వెళుతోందో లేదో మాకెలా తెలుస్తుంది? మా ఇంట్లో ఉన్న ఒక్క టీవీని గదిలో పనికి వాడుకుంటున్నాం. కేబుల్ కనెక్షన్ ఉన్నది కింద, ఇంటివాళ్ళకు. ఇంటివాళ్ళంటే అవ్వ, ఆమె కొడుకు, కోడలు. వీధి వైపు పప్పులు, బెల్లం అమ్మే అంగడి, దాని వెనక ఇల్లు. అవ్వ కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ అంగడిలో కూర్చున్న మనిషి. మోకాళ్ళు పట్టేశాక గల్లా కొడుక్కి అప్పగించి, లోపల టీవీ ముందు కుర్చీ వేసుకుంది. అందుకని మొదటి రోజు మా ఆయన మెట్ల మీద నిలబడి ఆమెనే అడిగారు.

"అవ్వా, బొమ్మ వచ్చిందా?"

"యాడ వచ్చిందప్పా? చీమలు పాకతాండాయి."

ఆయన కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేసి, తీగలు పీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ అడిగారు.

"ఇప్పుడు?"

"బొమ్మ వచ్చె, మాట రాలే. మీ ఇంటామె చేప మాదిరి నోరు ఆడిస్తాండాది."

మధ్యాహ్నం దాటాక ఆ గొంతు కింది నుంచి మళ్ళీ లేచింది. ఈసారి మేమెవరం అడగలేదు. "అప్పా, వచ్చిండాది! బొమ్మా వచ్చె, మాటా వచ్చె!" ఆ కేకకు అంగడిలో సరుకులు కొంటున్నవాళ్ళు కూడా లోపలికి వచ్చి చూశారట. మా చానల్‌కు ప్రారంభోత్సవం అంటే అదే. తర్వాత పెద్దమనుషులను పిలిచి దీపం వెలిగించాం గానీ, నాకు గుర్తున్నది ఆ కేక.

నా మాట మిద్దె మీద నుంచి బస్టాండుకు పోయి, అక్కడి నుంచి తిరిగి కిందింటికి రావడం ఆమెకు వింతగా ఉండేది. "మెట్లు దిగి చెప్పిపోయేదానికి ఊరంతా తిరిగొస్తాండావే" అని నవ్వేది. ఆ రోజు నుంచి, ప్రతి సాయంత్రం కార్యక్రమం మొదలయ్యే ముందు మా ఆయన మెట్ల మీద నుంచి అడగడం, ఆమె కింది నుంచి జవాబు చెప్పడం, అది విన్నాకే నేను నోరు తెరవడం మా పద్ధతి అయింది. తర్వాత మేం ఇంకో టీవీ కొనుక్కున్నాం. అయినా అడగడం మానలేదు. ఆమె "కానీండప్పా" అననిదే నాకు మాట వచ్చేది కాదు.

టీవీ ముందు కూర్చునే ముందు అవ్వ చీర కుచ్చిళ్ళు సర్దుకునేది, జుట్టు తడి చేత్తో అణచుకునేది. కోడలు నవ్వితే, "ఆ బిడ్డ అంత చక్కగా తయారై మనకు ఎదురుగా కూర్చుంటే మనం నలిగిన చీరతో కూర్చుంటే ఏం మర్యాద?" అనేది. టీవీలో వాళ్ళకు మనం కనపడమని ఆమెకు తెలియక కాదు. ఎదురుగా మనిషి కూర్చుంటే అలా ఉండాలని ఆమెకు ఉండేది, అంతే.

మేం చెప్పేవి పెద్ద వార్తలు కావు. టమాటా మార్కెట్‌లో ధరలు, నగరసభె ఏ వీధికి ఏ పూట నీళ్ళు వదులుతుంది, కరెంటు ఎప్పుడు పోతుంది, తప్పిపోయిన ఆవులు, బడి పిల్లల ఆటల పోటీలు, పోయినవాళ్ళ ఫోటోలు. మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే ఊరు కాబట్టి కొంత కన్నడలో, కొంత తెలుగులో. వార్తలు చదివేవాళ్ళు ముఖం నవ్వుతూ పెట్టుకోవాలని నేనెక్కడో విని, అన్నీ నవ్వుతూ చదివేదాన్ని. ఒకరోజు అవ్వ నన్ను కిందికి పిలిచింది.

"అమ్మా, టమాటా రేటు చెప్పేటప్పుడు నవ్వొద్దు. రేటు పడిపోయినోడు ఇంట్లో కూర్చోని చూస్తాంటాడు."

ఇంకోసారి పోయినవాళ్ళ ఊరి పేరు తప్పు చదివాను. గుడిబండె అనాల్సింది ఇంకేదో అన్నాను. దానికి ఆమె కోప్పడలేదు, బాధపడింది. "సచ్చిపోయినోళ్ళ సంగతి తప్పు చెప్తే, వాళ్ళు వచ్చి దిద్దుకోలేరు కదమ్మా" అంది. నాకు ఏ శిక్షణా లేదు. నేర్చుకున్నదంతా ఆ టీవీ ముందు కుర్చీ దగ్గర నేర్చుకున్నదే.

అలా కొన్నేళ్ళు గడిచాక ఆ సాయంత్రం వచ్చింది.

రోజూలాగే మా ఆయన "బొమ్మ వచ్చిందా, అవ్వా?" అని అడిగారు. "బెమ్మాండంగా వచ్చింది, కానీండి" అని జవాబు వచ్చింది. నేను చదవడం మొదలుపెట్టాను. కొంతసేపటికి కేబుల్ ఆఫీసు నుంచి ఫోన్. మొదటి నుంచీ మాట మాత్రమే వస్తోందట, తెర నల్లగా ఉందట. ఊరంతా వాళ్ళకు ఫోన్లు చేస్తున్నారట. కేబుల్ చూసే మా రెండో టీవీని ఆ రోజు బాగుచేయడానికి ఇచ్చి ఉన్నాం. మా ఆయన చిరాకుగా మెట్లు దిగి వెళ్ళారు. వెళ్ళినవారు చప్పుడు లేకుండా తిరిగి వచ్చి, లైట్లు ఆర్పి, నా ఎదురుగా కూర్చున్నారు.

"ఏమైంది?" అన్నాను.

"తెర నల్లగా ఉండాది. అవ్వ దాని ముందర కూర్చోని నవ్వుతా చూస్తాండాది."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కిందికి వెళ్ళి ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. కుచ్చిళ్ళు సర్దుకుని ఉంది. జుట్టు నున్నగా ఉంది.

"అవ్వా, ఈ పొద్దు నేనేం చీర కట్టుకోనుండాను?"

ఆమె ఉలిక్కిపడలేదు. చెయ్యి చాపి నా చెంగు వెతికి, వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"నూలు చీర" అంది. కాసేపటికి, "రంగు తెలీదమ్మా" అంది.

"ఎప్పట్నుంచి?"

"పక్కలనుంచి మసక వస్తా వస్తా ఉన్నింది. పోయిన జాత్రె నాటికి నడిమధ్య కొంచెం మిగిలింది. ఇప్పుడు అదీ లేదు."

ఇల్లంతా ఆమె కాళ్ళకు కంఠతా వచ్చు. కందిపప్పో పెసరపప్పో వేళ్ళు చెప్పేవి. అందువల్ల ఒకే ఇంట్లో ఉన్న కొడుక్కీ కోడలికీ కూడా తెలియలేదు. ముసలితనం, నిదానంగా నడుస్తోంది అనుకున్నారు. టీవీ సంగతికి వస్తే, ఎవరైనా పక్కనుంటే "ఏం చూపిస్తాండారే?" అని మాటల్లో పెట్టి తెలుసుకునేది. ఎవరూ లేనప్పుడు మా గది చప్పుడు టీవీలో వినిపిస్తే చాలు, బొమ్మా వచ్చిందనే అనుకునేది.

"ఎందుకవ్వా చెప్పలేదు?" అన్నాను. నాకు ఏడుపు వచ్చింది.

"చెప్తే మీరు ఇంకెవురింటికో పోయి అడుగుతారు. దినామూ పైనుంచి ఒగరు నన్ను పిలిచి అడిగే మాట అదొక్కటే కదా. అదీ పోతే నేను దేనికి?"

అంగడి గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న ఆమె కొడుకు అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయాడు.

మర్నాడు అవ్వను చిక్కబళ్ళాపురంలో కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. కొడుకుతోపాటు నేనూ వెళ్ళాను. డాక్టరు చాలాసేపు చూసి, కంటి వెనక నరం ఎండిపోయిందని, పోయిన చూపు తిరిగి రాదని మెల్లగా కన్నడలో చెప్పాడు. అవ్వకు కన్నడ మాకంటే బాగా వచ్చు. మేం తెలుగులో చెప్పే పని లేకపోయింది.

బస్టాండులో చింతామణి బస్సు కోసం నిలబడ్డాం. కొడుకు కళ్ళు తుడుచుకుంటున్నాడని మాట తడబాటులోనే ఆమెకు తెలిసిపోయింది. అతన్ని బస్సు అడిగి రమ్మని పంపించి, నా చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడ్నుంచి నందికొండ కనపడల్ల కదా?"

"కనపడతాది అవ్వా."

"ఎట్లుండాది?"

నా మనసంతా డాక్టరు మాటల దగ్గరే ఉంది. "కొండ మాదిరే ఉండాది" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. అంత కోపంగా ఆమెను ఎన్నడూ చూడలేదు. "దినామూ ఊరికంతా వార్తలు చెప్పేదానివి. ఒక కొండ ఎట్లుండాదో చెప్పను రాదా నీకు?"

సిగ్గేసింది. తలెత్తి చూశాను. ఏళ్ళ తరబడి చూస్తున్న కొండను ఆ పొద్దే చూసినట్టు అనిపించింది.

"మబ్బు దిగుండాది అవ్వా. పైన సగం కొండ లేనే లేదు. మబ్బు కింద రాయి తడిసి నల్లగా ఉండాది. ఒకచోట మాత్రం ఎండ పడి గోధుమ రంగులో మెరుస్తాండాది. ఆ ఎండ నిలవడంలా, జరుగుతాండాది. ఇప్పుడు చెట్ల మీదికి దిగె."

"ఆఁ" అంది అవ్వ. మళ్ళీ నా చెయ్యి పట్టుకుంది. "ఇట్ల చెప్పల్ల. ఇంగా చెప్పు."

బస్సు వచ్చేదాకా చెప్పాను. బస్సెక్కాక శిడ్లఘట్ట దాటేదాకా చెప్పాను. మల్బరీ తోటలు, మోపులు మోసుకుపోయే ఆడవాళ్ళు, చెరువులో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయి, గట్టు మీద ఎవరు కూర్చున్నారు. ముందు సీట్లో వాళ్ళు కూడా మాట్లాడుకోవడం మానేసి విన్నారు.

ఆ వారం నుంచి నా చదువు మారిపోయింది. ఫోటో చూపిస్తే అందులో ఏముందో చెప్పేదాన్ని. బడి పిల్లల డాన్సు చూపిస్తే వాళ్ళ బట్టల రంగులు, ఎవరు ఎటు తిరిగారో చెప్పేదాన్ని. మా ఆయనకు మొదట నచ్చలేదు. "కండ్లకు కనపడేది మళ్ళా నోటితో ఎందుకు? ఇది టీవీనా, రేడియోనా?" అన్నారు. కేబుల్ ఆఫీసువాళ్ళు కూడా అదే అడిగారు. మా ఇద్దరికీ కొంచెం మాటామాటా అయింది. జాత్రెలో తేరు లాగే నాడు చూద్దాం, జనానికి నచ్చకపోతే ఆపేద్దాం అని ఒప్పందానికి వచ్చాం.

తేరు నాడు మా ఆయన కెమెరా పట్టుకుంటే నేను పక్కనే మైకు పట్టుకున్నాను. తేరు కదలకముందు తాడు బిగుసుకోవడం, ముందు వరసలో వాళ్ళు వెనక్కి వాలడం, చక్రం కింద పెట్టిన దిమ్మ తీయగానే తేరు ఒకసారి ఊగి ఆగడం, పైనుంచి పూలు రాలడం, మిద్దెల మీది ఆడవాళ్ళు అరటిపండ్లు విసరడం, అన్నీ చెప్పాను. గొంతు బొంగురుపోయింది.

మర్నాడు బట్లహళ్ళి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మా నాయనకు కాలూ చెయ్యీ పడిపోయిండాయి అమ్మా. గోడ పక్కకు తిరిగి పండుకోనుంటాడు, టీవీ కనపడదు. నిన్న మీ మాట వింటా వింటా తేరు లాగే మాదిరి చెయ్యి బిగించినాడు. మళ్ళా ఎప్పుడు చెప్తారు అని అడగమన్నాడు." ఆ తర్వాత సోమేనహళ్ళి నుంచి పెళ్ళయి వచ్చి మా ఊళ్ళో ఉండే ఒకామె అంగడి దగ్గర అవ్వతో చెప్పిందట: "వంటింట్లో రొట్టె చేస్తానే అంతా చూసేస్తిని అవ్వా." మా ఆయన మళ్ళీ టీవీనా, రేడియోనా అని అడగలేదు.

అవ్వను మాత్రం ఆయన రోజూ అడిగేవారు. ఒక్కరోజూ మానలేదు. "మాట వచ్చిందా, అవ్వా?" అని మార్చి అడిగారు ఒకసారి. ఆమె ఒప్పుకోలేదు. "బొమ్మ వచ్చిందా అనే అడుగప్పా. వచ్చిందో లేదో నేను చెప్తాను" అంది. నేను మనసు పెట్టి చెప్పిన రోజు, కార్యక్రమం అయిపోయాక కింది నుంచి, "ఈ పొద్దు బొమ్మ బాగా వచ్చింది" అని వినిపించేది. ఏదో తొందరలో చదివేసిన రోజు, "మసగ్గా ఉన్నిందమ్మా" అనేది. అంతకు మించి నాకు ఎవరి మెప్పూ అవసరం పడలేదు, ఎవరి తిట్టూ అంత తగల్లేదు.

ఇప్పుడు అందరూ ఫోన్లోనే చూస్తున్నారు. మా చానల్ కూడా ఫోన్లో వస్తుంది. అవ్వకు ఫోన్ చేతికిస్తే వెనక్కి ఇచ్చేసేది. "ఇది చెవికి దగ్గర, ఇంటికి దూరం" అనేది.

ఎప్పుడో ఒకసారి, ఎవరిదో ఫోటో చూపించి పేరూ ఊరూ చదివిన సాయంత్రం, నాతో అంది. "నేను పోయినప్పుడు వసారాలో తీసిన పోటో పెట్టి ఊరికే పేరు చదివేయొద్దు. పోటోలో ఎట్లున్నానో చెప్పు. ఆ పోటో నేను చూళ్ళేదు కదా." అలాగే చెప్తానని మాటిచ్చాను.

నేను బాగేపల్లి నుంచి చేరేసరికి వాకిట్లో జనం నిండి ఉన్నారు. అవ్వను సాగనంపాక స్నానాలు చేసి, మా ఆయనా నేనూ మిద్దె మీదికి వెళ్ళాం. ఆ సాయంత్రం కార్యక్రమం వద్దనుకుంటే ఎవరూ తప్పు పట్టరు. కానీ ఆమె కొడుకే మెట్లెక్కి వచ్చి ఒక ఫోటో ఇచ్చాడు. "అమ్మకు మాటిచ్చినావంట కదమ్మా, చెప్పు. కింద మేమంతా కూర్చోనుంటాము" అన్నాడు. చావు జరిగిన ఇంట్లో టీవీ పెట్టరు. ఆ పొద్దు పెట్టారు.

మా ఆయన కెమెరా వెనక నిలబడ్డారు. అలవాటుగా మెట్ల వైపు తిరిగారు. నోరు తెరిచి, మూసుకుని, నాకు చేత్తో సైగ చేశారు.

నేను పేరు చదివాను. ఊరు చదివాను. తప్పు లేకుండా చదివాను. తర్వాత ఇలా చెప్పాను:

"ఇప్పుడు మీకు కనిపిస్తున్న ఫోటో ఇంటి వెనక వసారాలో తీసింది. అవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. వంకాయ రంగు చీర, సన్నని పచ్చ అంచు. కుచ్చిళ్ళు చక్కగా సర్దుకుంది. రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి, కుడి చెయ్యి పైన. చేతులకు ఒట్టి సన్న గాజులు. తల వెంట్రుకలు తెల్లగా, నున్నగా ఉన్నాయి. ముఖం కెమెరా వైపు లేదు. కొంచెం పక్కకు, ఎవరో పిలిచిన దిక్కుకు తిరిగి ఉంది. పిలిచింది నేను. ఏమిటని అడగబోతూ, సగం నవ్వుతూ ఉంది."

ఇంకేమైనా చెప్పానేమో గుర్తులేదు. లైట్లు ఆరిన తర్వాత చాలాసేపు మేం కిందికి వెళ్ళలేదు.

ఆమెను తలచుకుంటే నాకు మాత్రం ఆ ఫోటో రాదు. పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం వస్తుంది. కరెంటు పోయింది, కార్యక్రమం లేదు. మేమిద్దరం దిగి వచ్చి కిందింటి వాకిట్లో అరుగు మీద కూర్చున్నాం. కొడుకూ కోడలూ అంగడి సగం మూసి వచ్చి కూర్చున్నారు. గాలి ఆగిపోయి ఉక్కగా ఉంది. మాకెవరికీ ఏమీ వినిపించడం లేదు. అవ్వ తల కొంచెం వంచి, "వస్తాండాది" అంది.

"ఏమి అవ్వా?"

"సంత మైదానంలో పడతాండాది. పెద్ద చినుకులు. మట్టి ఇంగా తడవలా." కాసేపాగింది. "ఇప్పుడు టైర్ల అంగడి రేకుల మీదికి వచ్చె. ఎవురో పరిగెత్తుతాండారు, చెప్పులు చేతిలో పట్టుకోనుండారు, ఒట్టి కాళ్ళ చప్పుడు. ఇప్పుడు బాడిగె ఆటోల మీద. మన వీధి మలుపు తిరిగె. ఉండండి, ఉండండి, వచ్చె."

మాలో ఒక్కరూ వీధి వైపు చూడటం లేదు. అందరం ఆమె ముఖం వైపే చూస్తున్నాం. ఆమె అరచెయ్యి వెల్లకిలా చాపి, అరుగు దాటించి, మొదటి చినుకు కోసం పట్టుకుని ఉంది.